ఆ పిల్ల అన్నం తినిందా?

నా మొదటి నవల మీద వచ్చిన విమర్శల్లో నేను చాలా ఏళ్ళు జవాబు చెప్పుకోలేకపోయింది ఒకే ఒక్కటి. అది ఏ పత్రికలోనూ అచ్చు కాలేదు. ఆ విమర్శ చేసింది మా అమ్మ.

పదిహేనేళ్ళ కిందటి మాట. సీరియల్‌గా వచ్చిన నవల పుస్తకమై చేతికి రాగానే మొదటి కాపీ పట్టుకుని సంగం వెళ్ళాను. నెల్లూరు నుంచి ఆత్మకూరు పోయే దారిలో, బీరాపేరు వచ్చి పెన్నలో కలిసేచోట ఉంటుంది మా ఊరు. అమ్మకి మధ్యాహ్నం పనులయ్యాక గడప దగ్గర కూర్చుని చదివే అలవాటుంది. బియ్యంలో రాళ్ళు ఏరేటంత శ్రద్ధగా చదువుతుంది. నా నవలకి మూడు మధ్యాహ్నాలు పట్టింది. నాలుగోనాడు కళ్ళజోడు తీసి పుస్తకం మీద పెట్టి, "బాగానే రాసినావు పాపా. ఒకటే నాకు అర్థం గాలా. ఆ పిల్ల పొద్దన్నించీ వానలో తిరగతా ఉండాదే, అన్నం తినిందా లేదా?" అంది.

ఆ సన్నివేశం మీకు చెప్పాలి. నాయిక ఇల్లు వదిలి వచ్చేసింది. జోరున వాన. బస్టాండులో ఒంటరిగా నిలబడి ఉంది. అంతలో కారొచ్చి ఆగింది. నాయకుడు దిగి, తడుస్తూ ఆమె ఎదుట నిలబడి, "నేను నిన్ను ప్రేమిస్తున్నాను" అన్నాడు. రెండు పేజీలు రాశాను. ఎందరో పాఠకురాళ్ళు ఆ రెండు పేజీలూ తమకి కంఠతా వచ్చేశాయని ఉత్తరాలు రాశారు.

"అది ప్రేమ సన్నివేశం అమ్మా!" అన్నాను, కొంచెం విసుగ్గానే.

"అందుకే అడగతుండా" అంది అమ్మ, లేచి కాఫీ పెట్టటానికి వెళ్తూ.

అప్పుడు నవ్వుకున్నాను. ఊరికి తిరిగొచ్చాక కూడా నవ్వుకుంటూనే పదిమందికి చెప్పాను. తర్వాత తర్వాత నవ్వు తగ్గింది. ఆ ప్రశ్న మాత్రం మిగిలింది.

ఇప్పుడు మీరో పని చెయ్యండి. పొయ్యి మీద పాలు పెట్టి ఉంటే, అవి పొంగేలోపు కాస్త గుర్తు చేసుకోండి. మీ పుట్టింట్లో గాని, అత్తవారింట్లో గాని, ఎవరైనా ఎవరితోనైనా "నేను నిన్ను ప్రేమిస్తున్నాను" అనగా చెవులారా విన్నారా? నేను వినలేదు. కథల్లో చదివాను, సినిమాల్లో విన్నాను, నవలల్లో రాశాను. ఇంట్లో వినలేదు. అంటే మా ఇంట్లో ప్రేమ లేదనా?

ఆ వాక్యాన్ని ఒక్కసారి విడదీసి చూడండి. అందులో చేసేది 'నేను', చేయించుకునేది 'నువ్వు'. 'నేను వంకాయలు తరుగుతున్నాను' అనే వాక్యానికీ దీనికీ కట్టుబాటులో తేడా లేదు. మనం ఇళ్ళల్లో అనుకునే మాట వేరు. "నువ్వంటే నాకిష్టం" అంటాం. కొంచెం ధైర్యముంటే "నువ్వంటే నాకు ప్రాణం" అంటాం. అక్కడ ముందు వచ్చేది 'నువ్వు'. నేను చేసే పనేమీ లేదు. నాకు ఆకలి, నాకు నిద్ర, నాకు జ్వరం, నాకు దిగులు... ఆ వరసలోనే నాకు ఇష్టం. అంటే మన భాష లెక్కలో ప్రేమ మనం పూనుకుని చేసే పని కాదు, జ్వరంలాగా మనకి వచ్చేది. తమిళంలోనూ, కన్నడంలోనూ ఇదే తీరు. హిందీలోనూ 'నాకు' అనే మొదలుపెడతారు.

'ప్రేమ' కొత్త మాటేమీ కాదు. సంస్కృతం నుంచి వచ్చి ఎన్నడో మనదైపోయింది. వలపు, మక్కువ, కూరిమి, నెనరు లాంటి తెలుగు మాటలు పుస్తకాల్లో భద్రంగానే ఉన్నాయి. వీటన్నిటిలో ఇంకా వాకిట్లో తిరుగుతున్నది 'మనసుపడటం' ఒక్కటే. "పిల్లవాడు మనసుపడ్డాడంట, కట్నం సంగతి తర్వాత చూసుకుందాం" అనటం మీరూ వినే ఉంటారు. నేను బి.ఏ. చదివే రోజుల్లో ఇంగ్లీషు కవులు నేర్పిన మూడు ముక్కల వాక్యాన్ని తెచ్చి, తెలుగు పిల్లవాడి నోట్లో కుక్కి, వానలో నిలబెట్టాను. అమ్మకి అతను అతకలేదంటే తప్పు అమ్మది కాదు.

మరి ఇంటి భాషలో ప్రేమ ఎక్కడుంటుంది? ఎక్కువగా ప్రశ్నల్లో ఉంటుంది. "తిన్నావా?" "ముఖం అట్లా ఉందేం?" "చేరగానే ఫోన్ చేస్తావా?" ఆజ్ఞల్లోనూ ఉంటుంది. "గొడుగు తీసుకుపో." "పొద్దుగుంకకముందే రా." తిట్లలోనూ ఉంటుంది. మా నాయనమ్మ ముద్దు ముదిరినప్పుడల్లా మమ్మల్ని "నీ జిమ్మడ!" అనేది. ఆమెకి మా మీద కోపమొచ్చిన రోజు తిట్టేది కాదు, పేరు పెట్టి పిలిచేది. మాకు ఆ పిలుపంటేనే భయం.

పిలుపుల్లో ఉన్నంత ప్రేమ మనకి పద్యాల్లో కూడా ఉందో లేదో! కన్న కూతుర్ని "అమ్మా" అంటాం. కొడుకుని "నాయనా" అంటాం. మూడేళ్ళ పిల్లని పట్టుకుని "ఏం తల్లీ" అంటాం. మనల్ని కన్నవాళ్ళ స్థానం మనం కన్నవాళ్ళకి ఇచ్చేస్తాం. ఇది మనకెంత అలవాటంటే, ఇందులో వింతేమిటో ఎవరైనా బయటివాళ్ళు అడిగితే తప్ప తోచదు.

వీడ్కోలు సంగతి చూడండి. గడప దాటేవాడు "పోతున్నా" అనకూడదు. "పొయ్యొస్తా" అనాలి. పొరపాటున "పోతున్నా" అన్నామా, ఇంటి ఆడవాళ్ళు "పొయ్యొస్తానను" అని దిద్దుతారు. పోవటంలోనే రావటాన్ని ముడివేసి పంపిస్తారు. మా నాయన పొలానికి పోతూ రోజూ "పొయ్యొస్తా" అనేవాడు. ఎవరితో అంటున్నాడో తెలిసేది కాదు. ద్వారబంధం వైపు చూసి అనేవాడు. వంటింట్లోంచి అమ్మ "ఊఁ" అనేది. అంతే వాళ్ళ సంభాషణ!

ఇక 'మన', 'మా' అనే రెండు చిన్న మాటలున్నాయి. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట. మనకి రెండు. 'మా' అంటే నువ్వు బయట, 'మన' అంటే నువ్వు లోపల. అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో నాయనమ్మ ప్రతిదానికీ "మా ఇంట్లో ఇట్టా చెయ్యం" అనేదట. కొన్ని నెలలయ్యాక ఒకరోజు చేపల పులుసు నోట్లో పెట్టుకుని, "మనింట్లో ఉప్పు ఇంకొంచెం ఎక్కువ తింటాం పాపా" అందట. చూశారా, వంక పెట్టటం మానలేదు. కానీ 'మా' పోయి 'మన' వచ్చింది. నలభై ఏళ్ళు దాటినా అమ్మకి ఆ రోజు చేసిన పులుసులో మామిడికాయ వేసిందో లేదో కూడా గుర్తుంది. కోడలి మీద ప్రేమ ప్రకటించటానికి మా నాయనమ్మకి ఒక్క అక్షరం సరిపోయింది.

సాహిత్యంలో ఈ ఇంటి భాషను చెవిపెట్టి విన్నవాళ్ళు లేకపోలేదు. నెల్లూరివాళ్ళం గనక ముందు తిక్కన్నను తలుచుకోవాలి. ఆయన భారతంలో చేపట్టిన పదిహేను పర్వాల్లో మొదటిది విరాటపర్వం. అందులో కీచకుడి చేత అవమానం పొందిన ద్రౌపది ఆ రాత్రి ఎవరి దగ్గరికి వెళ్ళింది? ధర్మం తెలిసిన ధర్మరాజు దగ్గరికి కాదు, వంటవాడి వేషంలో ఉన్న భీముడి దగ్గరికి. చెప్పుకుంటే వినేవాడెవరో ఆమెకి తెలుసు. ఆమె చెప్పుకుంటుంది, అతను వింటాడు, ఏం చెయ్యాలో ఇద్దరూ కలిసి ఆలోచించుకుంటారు. నా మటుకు నాకు తెలుగులో గొప్ప దాంపత్య సన్నివేశం అదే.

తర్వాత చాలా శతాబ్దాలు దాటి 1925కి రండి. నండూరి సుబ్బారావుగారి 'ఎంకి పాటలు' పుస్తకంగా వచ్చిన ఏడు. పల్లెటూరి ఎంకి, నాయుడు బావ, వాళ్ళు మాట్లాడుకునే మాటల్లోనే పాటలు. ఆ యాసలో కవిత్వమేమిటని పెద్దలు కొందరు మొహం చిట్లించారు. నాకు ఆ పాటల్లో గొప్పగా తోచేది యాస మాత్రమే కాదు. అక్కడ ఇద్దరూ మాట్లాడతారు. బావ ఎంకి కోసం పాడితే ఎంకి బావ కోసం పాడుతుంది. ఒకరు పొగుడుతుంటే ఒకరు తలొంచుకుని కాలి బొటనవేలితో నేల రాయటం కాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

మా జిల్లాలోనే ఇంకొకరున్నారు. ఆచార్య ఆత్రేయ. 1921లో సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టారు. ఆ ప్రాంతం 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్ళినా, ఆత్రేయని మేం ఇచ్చేది లేదు! రాయకుండా నిర్మాతల్నీ, రాసి ప్రేక్షకుల్నీ ఏడిపిస్తాడని ఆయన మీద చమత్కారం ప్రచారంలో ఉండేది. ఆయన్ని మనసు కవి అన్నారు. నిఘంటువు అక్కర్లేని మాటలు, కూరల బేరంలోనూ కన్నీళ్ళలోనూ ఒకేలా పనికొచ్చే మాటలు ఆయనవి. కోడూరి కౌసల్యాదేవిగారి నవల 'ప్రేమనగర్' 1971లో సినిమా అయినప్పుడు పాటలు ఆయనే రాశారు. ఒక ఆడమనిషి ఊహించిన జమీందారీ మేడలోకి ఆత్రేయ ఇంటి మాటల్ని తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. నా దృష్టిలో ఆ మేడలో మనుషులు నివసించటం అప్పుడే మొదలైంది.

1978లో వచ్చిన 'మరో చరిత్ర' గుర్తుందిగా? బాలచందర్ తీశారు. అబ్బాయి తమిళుడు, అమ్మాయి తెలుగు. ఒకరి భాష ఒకరికి రాదు. అందులో లిఫ్టులో ఒక పాట ఉంది. తెలుగు సినిమాల పేర్లు ఏరి కూర్చిన పాట. భాష రాని పిల్లవాడు ప్రేమ చెప్పటానికి ఏ ప్రబంధం దగ్గరికీ పోలేదు. వీధి గోడల మీద అంటించిన పోస్టర్ల మాటలే అతనికి అక్కరకొచ్చాయి. మాటలు పాతవే, అందరివీ. కానీ అవి అతను ఎవరి కోసం పోగేశాడో ఆ పిల్లకి తెలుసు. అది చాలదూ!

మరి మేం నవలారచయిత్రులం ఏం చేశాం? తప్పు ఒప్పుకోవటానికి నాకు సిగ్గు లేదు. మా నాయకుడు మాట్లాడడు, మా నాయిక అడగదు. ఆత్మాభిమానమని దానికొక పేరు పెట్టాం. అతను ఎవరితోనో కనిపించాడు, ఆమె అపార్థం చేసుకుంది. "ఆవిడెవరు?" అని ఒక్క ప్రశ్న వేస్తే తీరిపోయే చిక్కు. అది వేయించామా, సీరియల్ నాలుగో వారానికే ముగిసిపోతుంది! అందుకని ముప్ఫై వారాల పాటు ఇద్దర్నీ మౌనంగా కుమిలించి, ఆఖర్న వానలోకి తెచ్చి, ఇంగ్లీషు వాక్యం చెప్పించాం. చదివిన ఆడపిల్లలు ఆ వాక్యం కోసం ఎదురుచూడటం నేర్చుకున్నారు. అడగటం నేర్చుకోలేదు.

ఇంతవరకు రాసుకుని, అమ్మే గెలిచిందని తేల్చేసి, ఈ వ్యాసం ముగిద్దామనుకున్నాను. మా అమ్మాయి అడ్డుపడింది. కాలేజీలో చదువుతోంది. కాగితాలు తీసుకుని చదివి, "బాగుందమ్మా. అమ్మమ్మ అందర్నీ తిన్నావా అని అడుగుతుంది. అమ్మమ్మని ఎవరు అడిగారు?" అంది.

నాకు వెంటనే జవాబు తోచలేదు.

నిజమే కదా. ఆ ప్రశ్న ఇంట్లో ఎప్పుడూ ఒకవైపు నుంచే వెళ్తుంది. అమ్మ నాయన్ని అడుగుతుంది, మమ్మల్ని అడుగుతుంది, పాలేర్ని అడుగుతుంది, పోస్ట్‌మాన్‌ని అడుగుతుంది. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తను తింటుంది. మిగలకపోతే మజ్జిగన్నం. మన ఇంటి భాషలో ప్రేమ మాటల్లో చెప్పనక్కర్లేదని నేను మురిసిపోతున్నానే, ఆ 'చెప్పనక్కర్లేని' సౌకర్యం ఎవరికి దక్కింది? చెప్పకపోయినా అర్థం చేసుకోవలసిన పని ఎవరి మీద పడింది? ద్వారబంధం వైపు చూసి అన్న "పొయ్యొస్తా"లోంచి ఒక ప్రేమలేఖ చదువుకునే ఓపిక మా అమ్మకుంది గనక అది ప్రేమలేఖ అయింది. లేకపోతే అది ఉత్త పొయ్యొస్తాయే.

ఇంకా ఉంది. "ఎక్కడికి? ఎవరితో? ఎప్పుడొస్తావు?" ఇవీ ప్రశ్నలే. "ఆ చీర కట్టుకోకు, వాళ్ళింటికి పోకు." ఇవీ ఆజ్ఞలే. వీటికీ "నీ మంచికే" అని పైన ఒక ముసుగేస్తారు. ప్రశ్నల్లోనూ ఆజ్ఞల్లోనూ ప్రేమ ఉంటుందని ఆడపిల్లకి చెప్పి ఊరుకుంటే, ఏది ప్రేమో ఏది కాపలానో దానికెట్లా తెలుస్తుంది? ఇది వ్యాసాల్లో తేలిగ్గా దాటేసే సంగతి కాదు. ఈ రెంటికీ తేడా తెలియక జీవితాలు చెడిపోయిన ఆడవాళ్ళు మనకందరికీ తెలుసు.

నాకు తోచిన కొలబద్ద ఒకటుంది. ఆ ప్రశ్నని తిరిగి అడగవచ్చా? "తిన్నావా?" అంటే "తిన్నా. నువ్వు?" అనవచ్చు. "ఎక్కడికి?" అన్నవాణ్ణి "నువ్వెక్కడికి?" అని తిరిగి అడగగలిగితే అది పలకరింపు. అడగలేకపోతే అది విచారణ. ఎంకి తిరిగి పాడింది గనకే ఆ పాటల్ని ప్రేమ పాటలంటున్నాను. ద్రౌపది చెప్పగలిగింది గనకే దాన్ని దాంపత్యమంటున్నాను. మాట ఇంటిదా, పుస్తకానిదా అన్నది తర్వాతి సంగతి. అది రెండువైపులా నడుస్తోందా అన్నది ముందు చూడాలి.

మా అమ్మాయి ప్రశ్న నన్ను 2021 నవంబరుకి తీసుకెళ్ళింది. ఆ నెలలో పెన్నకి వచ్చిన వరద మీకు గుర్తుండే ఉంటుంది. సోమశిల నుంచి వదిలిన నీళ్ళు ఊళ్ళ మీదకి వచ్చాయి, నెల్లూరు దగ్గర పడుగుపాడులో రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. మా ఊళ్ళో కొత్త బ్యారేజి ప్రారంభమైంది ఆ మరుసటేడు, 2022 సెప్టెంబరులో. అప్పటికి 1880ల నాటి పాత ఆనకట్టే ఉంది. పనిమీద ఆత్మకూరు వెళ్ళిన నాయన దారి లేక అక్కడే ఆగిపోయాడు. నేను అమ్మ దగ్గరున్నాను. రాత్రి ఎనిమిది దాటాక ఫోన్ వచ్చింది. కరెంటు లేదు, చీకట్లో అమ్మ ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండటంతో అవతలి గొంతు నాకూ వినిపిస్తోంది.

"తలుపు గడియ పెట్టుకున్నావా?" అన్నాడు నాయన.

"పెట్టినా."

"గేదెని మిట్టకి తోలిచ్చినావా?"

"తోలిచ్చినా."

"సరే, అయితే" అన్నాడు, ఫోన్ పెట్టేసే గొంతుతో.

అప్పుడు మా అమ్మ అంది, "అంతేనా?"

"అంతేనా అంటే?" అన్నాడాయన, అర్థంగాక.

అమ్మ ఏమీ అనలేదు. ఫోన్ పెట్టెయ్యనూ లేదు. కొంచెంసేపు బయట వాన చప్పుడే వినబడింది. తర్వాత నాయన, కొత్త భాష కూడబలుక్కున్నట్టు, "నువ్వు... అన్నం తింటివా?" అన్నాడు.

"ఆఁ, తిన్నాలే" అంది అమ్మ.

తినలేదు. గిన్నె మీద మూత మూతలాగే ఉంది. ఆ అబద్ధం కూడా మన ఇంటి భాషే మరి! కానీ ఆ రాత్రి నాకు ముఖ్యంగా వినిపించింది ఆ అబద్ధం కాదు, 'అంతేనా' అన్న మాట. అంతకాలం అర్థం చేసుకుంటూ వచ్చిన మనిషి ఆ రాత్రి అడిగింది. అడిగితే వచ్చింది.

ఈ సంగతంతా చెబితే మా అమ్మాయి మెత్తబడుతుందనుకున్నాను. "అడిగించుకుందిగా, మళ్ళీ అబద్ధమెందుకు చెప్పింది?" అంది. ఈ కాలం పిల్లల్ని ఒప్పించటం కష్టం. ఒప్పించకపోవటమే మంచిదేమో కూడా.

ఈమధ్య నా మొదటి నవల మళ్ళీ అచ్చు వేస్తామన్నారు. ప్రూఫులు దిద్దుతూ వానలో బస్టాండు దగ్గర ఆగాను. ఆ ఇంగ్లీషు వాక్యాన్ని కొట్టెయ్యలేదు. అది కంఠతా వచ్చినవాళ్ళున్నారు, పైగా ఇప్పుడు పిల్లలు ఇళ్ళల్లో కూడా దాన్ని అంటున్నారు, అననివ్వండి. దానికి ముందు రెండు వాక్యాలు చేర్చాను. నాయకుడు, "అన్నం తిన్నావా?" అన్నాడు. నాయిక, "లేదు. ఆకలేస్తోంది. నువ్వు?" అంది.

ఆ పేజీ అమ్మకి చదివి వినిపించాను, పదిహేనేళ్ళ బాకీ తీరిందన్న ధీమాతో. అమ్మ శ్రద్ధగా విని తలూపింది.

"సరే, ఏం పెట్టినాడు?" అంది.